మూలకణ మార్పిడి - నిరోధక కణ సంయుక్త చికిత్స

మూలకణ మార్పిడి - నిరోధక కణ సంయుక్త చికిత్స అనేది రక్త కాన్సరుకు చేసే ఒక వైద్య విధానం. ఇందులో ఆరోగ్యవంతుడైన దాత నుండి సేకరించిన రక్త మూలకణాలను రోగికి ఎక్కిస్తారు. దానికి ముందు గాని, తరువాత గాని కాన్సరు కణాలను గుర్తించి చంపగల రోగనిరోధక కణాలను కూడా ఎక్కిస్తారు. మూలకణాలు రోగికి కొత్త రక్తాన్ని ఇస్తాయి. నిరోధక కణాలు పాత వ్యాధి శేషాన్ని తుడిచివేస్తాయి. ఈ రెండు పనులూ ఒకదానికొకటి అడ్డు రాకుండా జరిపించడమే ఈ చికిత్సలోని ప్రధాన సమస్య. ల్యుకేమియా, లింఫోమా వంటి వ్యాధులు మందులకు లొంగనప్పుడు, లేదా ఒకసారి తగ్గి తిరగబెట్టినప్పుడు ఈ విధానాన్ని పరిశీలిస్తారు.

నేపథ్యం

మనిషి శరీరంలో రక్తకణాలు ఎముకల లోపలి మూలుగలో పుడతాయి. దీనినే మజ్జ అని కూడా అంటారు. ఎర్ర కణాలు, తెల్ల కణాలు, రక్తఫలకికలు అన్నింటికీ పుట్టిల్లు మూలుగలోని మూలకణాలే. ల్యుకేమియాలో ఈ ఉత్పత్తి క్రమం చెడి, పక్వం కాని తెల్ల కణాలు అదుపు లేకుండా పెరుగుతాయి. వాటి రద్దీలో మంచి కణాలకు చోటు ఉండదు. అందువలన రోగికి రక్తహీనత, తరచుగా జ్వరాలు, రక్తస్రావం కలుగుతాయి.

కీమోథెరపీ మందులు వేగంగా విభజన చెందే కణాలను చంపుతాయి. మోతాదు పెంచిన కొద్దీ కాన్సరు కణాలతో పాటు మూలుగ కూడా నశిస్తుంది. మూలుగ పూర్తిగా నశిస్తే రోగి బ్రతకడు. ఎక్కువ మోతాదులో మందులు లేక రేడియేషన్ ఇచ్చి, తరువాత దాత మూలకణాలతో మూలుగను తిరిగి నింపవచ్చుననే ఆలోచనతో మూలకణ మార్పిడి మొదలయింది. అంటే తొలినాళ్ళలో ఈ మార్పిడిని ఒక రక్షణ చర్యగానే భావించారు. కాన్సరును చంపేది మందే, మూలకణాలు కేవలం నష్టాన్ని పూడుస్తాయి అనుకున్నారు. ఆ అభిప్రాయం సగమే నిజమని తరువాత తేలింది.

చరిత్ర

1956లో ఇంగ్లండులోని హార్వెల్‌లో డేవిడ్ బార్న్స్, జాన్ లౌటిట్ అనే శాస్త్రవేత్తలు ల్యుకేమియా ఉన్న ఎలుకలపై ప్రయోగాలు చేశారు. రేడియేషన్ ఇచ్చిన తరువాత అదే జాతి ఎలుక మూలుగను ఎక్కించినపుడు ల్యుకేమియా తిరిగి వచ్చింది. వేరే జాతి ఎలుక మూలుగను ఎక్కించినపుడు ల్యుకేమియా తిరిగి రాలేదు గాని, ఎలుకలు చిక్కి శల్యమై చనిపోయాయి. పరాయి కణాలకు వ్యాధిని చంపే శక్తి, రోగిని చంపే శక్తి రెండూ ఉన్నాయని ఈ ప్రయోగం మొదటిసారిగా సూచించింది.

1957లో అమెరికా వైద్యుడు ఇ. డొనాల్ థామస్ మనుషులకు మూలుగను రక్తనాళం ద్వారా ఎక్కించిన అనుభవాన్ని ప్రచురించాడు. ఆ రోగులెవరూ ఎక్కువ కాలం జీవించలేదు. 1959లో ఆయన బృందం ల్యుకేమియా రోగులకు వారి సమరూప కవలల మూలుగను ఎక్కించింది. మూలుగ చక్కగా నాటుకున్నప్పటికీ కొన్ని నెలలలోనే వ్యాధి తిరగబెట్టింది. థామస్ తరువాత సియాటిల్ నగరంలో ఈ కృషిని కొనసాగించి, 1990లో జోసెఫ్ ముర్రేతో కలిసి నోబెల్ బహుమతి పొందాడు.

ఫ్రాన్సులో జార్జ్ మాతే అనే వైద్యుడు 1958లో యుగోస్లావియాలోని వించా అణు కేంద్రంలో జరిగిన ప్రమాదంలో రేడియేషన్‌కు గురైన వారికి పారిస్‌లో మూలుగ ఎక్కించాడు. దాత కణాలే ల్యుకేమియాపై దాడి చేయగలవని గట్టిగా వాదించిన తొలి వైద్యులలో ఆయన ఒకడు. అదే దశాబ్దంలో ఫ్రెంచి శాస్త్రవేత్త జాన్ దోసే తెల్ల కణాల పైన ఉండే హెచ్ఎల్ఏ గుర్తులను కనుగొన్నాడు. దాత, రోగి జత కలుస్తారో లేదో తెలుసుకొనడానికి ఇదే ఆధారమయింది. ఆయనకు 1980లో నోబెల్ బహుమతి లభించింది.

అంటులోని రెండు గుణాలు

మూలకణ మార్పిడిని చెట్టుకు అంటు కట్టడంతో పోల్చవచ్చును. అయితే చెట్టు అంటుకు లేని ఒక గుణం దీనికి ఉంది. దాత మూలుగతో పాటు దాత యొక్క టి-కణాలు కూడా రోగి శరీరంలోకి వస్తాయి. ఇవి రోగనిరోధక వ్యవస్థలోని సైనికుల వంటివి. ఇవి కొత్త శరీరాన్ని పరాయి దేశంగా భావించి చర్మం, పేగులు, కాలేయం మీద దాడి చేయవచ్చు. ఈ స్థితిని గ్రాఫ్ట్ వర్సెస్ హోస్ట్ వ్యాధి, క్లుప్తంగా జీవీహెచ్‌డీ అంటారు. ఒళ్ళంతా దద్దుర్లు, ఆగని విరేచనాలు, కామెర్లు దీని ముఖ్య లక్షణాలు.

అవే టి-కణాలు మిగిలిపోయిన ల్యుకేమియా కణాలను కూడా పరాయివిగా గుర్తించి చంపుతాయి. 1979లో సియాటిల్ బృందం ప్రచురించిన అధ్యయనంలో జీవీహెచ్‌డీ వచ్చిన రోగులలో ల్యుకేమియా తిరగబెట్టే రేటు, అది రాని వారితో పోలిస్తే రెండున్నర రెట్లు తక్కువగా ఉంది. 1990లో 2,254 మంది రోగుల వివరాలతో వెలువడిన అంతర్జాతీయ అధ్యయనం ఈ విషయాన్ని బలపరచింది. సమరూప కవల నుండి మూలుగ పొందినవారిలోను, ముందుగా టి-కణాలను తొలగించిన మూలుగ పొందినవారిలోను వ్యాధి ఎక్కువగా తిరగబెట్టింది.

దీనిని బట్టి వైద్యులకు ఒక చిక్కు ఎదురయింది. టి-కణాలను తీసివేస్తే జీవీహెచ్‌డీ తగ్గుతుంది గాని కాన్సరు తిరిగి వస్తుంది. ఉంచితే కాన్సరు తగ్గుతుంది గాని రోగి జీవీహెచ్‌డీతో బాధపడవలసి వస్తుంది. తరువాత వచ్చిన సంయుక్త చికిత్సలన్నీ ఈ చిక్కును విడదీయడానికి చేసిన ప్రయత్నాలే.

దాత లింఫోసైట్ల చికిత్స

మార్పిడి తరువాత వ్యాధి తిరగబెట్టిన రోగికి అదే దాత నుండి తెల్ల కణాలను మరల సేకరించి ఎక్కించడాన్ని దాత లింఫోసైట్ల చికిత్స అంటారు. ఈ కోవకు చెందిన చికిత్సలలో మొదట విజయవంతమయినది ఇదే. 1990లో జర్మనీలోని మ్యూనిక్ నగరానికి చెందిన హన్స్ యోకెమ్ కోల్బ్ బృందం దీర్ఘకాలిక మైలాయిడ్ ల్యుకేమియా తిరగబెట్టిన ముగ్గురు రోగులకు ఇంటర్‌ఫెరాన్ మందుతో పాటు దాత తెల్ల కణాలను ఎక్కించి, వ్యాధి పూర్తిగా అదృశ్యమయినట్లు ప్రకటించింది. దాత నిరోధక కణాలు మనుషులలో కాన్సరును చంపగలవనడానికి ఇది ప్రత్యక్ష నిదర్శనంగా నిలిచింది.

ఈ విధానం చూడటానికి రక్తం ఎక్కించినట్లే ఉంటుంది. దాత చేతి నుండి రక్తాన్ని ఒక యంత్రం గుండా పంపి, తెల్ల కణాలను వేరు చేసి, మిగిలిన రక్తాన్ని దాతకే తిరిగి ఇస్తారు. సేకరించిన కణాలలో టి-కణాలను లెక్కించి, రోగి బరువును బట్టి మోతాదు నిర్ణయిస్తారు. 1995లో న్యూయార్కు వైద్యులు మోతాదును కొద్దికొద్దిగా పెంచుతూ పోయే పద్ధతిని ప్రచురించారు. కిలో బరువుకు సుమారు ఒక కోటి టి-కణాల వద్ద చాలామందికి తీవ్రమైన జీవీహెచ్‌డీ లేకుండానే గుణం కనిపించింది. అందుచేత తక్కువ మోతాదుతో మొదలుపెట్టి, వారాల తరబడి వేచి చూసి పెంచడం ఆనవాయితీ అయింది. ఫలితం కనిపించడానికి కొన్ని వారాల నుండి నెలల వరకు పట్టవచ్చును.

అన్ని రక్త కాన్సర్లూ ఈ చికిత్సకు ఒకే విధంగా లొంగవు. దీర్ఘకాలిక మైలాయిడ్ ల్యుకేమియాలో అధిక సంఖ్యాకులకు వ్యాధి తగ్గుతుంది. తీవ్ర మైలాయిడ్ ల్యుకేమియాలో గుణం కనిపించేవారు తక్కువ. తీవ్ర లింఫోబ్లాస్టిక్ ల్యుకేమియాలో ఫలితం స్వల్పం. ఈ చివరి వ్యాధి అతి వేగంగా పెరగడం వలన, దాత టి-కణాలు బలపడేలోపే వ్యాధి మించిపోవడం దీనికి ఒక కారణం. 2001లో ఇమాటినిబ్ మాత్ర వాడుకలోకి వచ్చిన తరువాత దీర్ఘకాలిక మైలాయిడ్ ల్యుకేమియాకు మూలకణ మార్పిడి అవసరమే చాలావరకు తగ్గిపోయింది. ఈ విధంగా దాత లింఫోసైట్లు బాగా పనిచేసే వ్యాధికి మాత్ర వచ్చింది. అవి అంతగా పనిచేయని వ్యాధులకు వేరే మార్గం వెదకవలసి వచ్చింది.

కార్-టి కణాలు

సహజమైన టి-కణం కాన్సరు కణాన్ని ఎల్లప్పుడూ గుర్తించలేదు. దానికి కృత్రిమమైన గ్రాహకాన్ని అమర్చి, ఫలానా గుర్తు ఉన్న కణాన్నే పట్టుకొనేటట్లు చేస్తే దానిని కార్-టి కణం అంటారు. ఈ భావనకు 1989లో ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ సంస్థకు చెందిన జెలిగ్ ఎష్‌హార్ బృందం రూపం ఇచ్చింది. అమెరికాలో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయానికి చెందిన కార్ల్ జూన్ బృందం దీనిని రోగుల వద్దకు తీసుకొని వచ్చిన వారిలో ముఖ్యమైనది.

తయారీ క్రమం ఇలా ఉంటుంది. ముందుగా రోగి రక్తం నుండి టి-కణాలను వేరు చేస్తారు. హాని చేయకుండా మార్చిన వైరస్ సహాయంతో కొత్త జన్యువును వాటిలోకి చొప్పిస్తారు. ప్రయోగశాలలో వాటి సంఖ్యను పెంచుతారు. ఈలోగా రోగికి కొద్దిపాటి కీమోథెరపీ ఇచ్చి శరీరంలో చోటు కల్పించి, కణాలను ఎక్కిస్తారు. బి-కణాల పైన ఉండే సీడీ19 అనే గుర్తు తొలి తరం కార్-టి చికిత్సలకు లక్ష్యం. 2017 ఆగస్టు 30న అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 25 సంవత్సరాల లోపు వారిలో మొండి లింఫోబ్లాస్టిక్ ల్యుకేమియాకు టిసాజెన్‌లెక్లూసెల్‌ను ఆమోదించింది. దీనికి ఆధారమైన అధ్యయనంలో 75 మంది రోగులలో 81 శాతం మందికి మూడు నెలలలోపు వ్యాధి అదుపులోకి వచ్చింది. వీరిలో సగానికి పైగా అంతకు ముందే మూలకణ మార్పిడి చేయించుకొని, వ్యాధి తిరగబెట్టినవారు.

మార్పిడికి ముందు కార్-టి

కార్-టి వలన వ్యాధి తగ్గడం ఒక ఎత్తు, తగ్గినది తగ్గినట్లు నిలవడం మరొక ఎత్తు. కొందరిలో కార్-టి కణాలు కొద్ది నెలలకే అంతరిస్తాయి. మరికొందరిలో కాన్సరు కణాలు తమ పైనున్న సీడీ19 గుర్తును వదిలించుకొని తప్పించుకొంటాయి. అందువలన వ్యాధి తగ్గి ఉన్న సమయంలోనే మూలకణ మార్పిడి చేయాలని కొందరు వైద్యులు భావిస్తారు. ఈ వాడుకలో కార్-టిని వంతెన చికిత్సగా పేర్కొంటారు.

అమెరికా జాతీయ కాన్సరు సంస్థ 2021లో 50 మంది పిల్లలు, యువకుల దీర్ఘకాల వివరాలను ప్రచురించింది. కార్-టి వలన వ్యాధి జాడ లేకుండా పోయిన 28 మందిలో 21 మందికి తరువాత మూలకణ మార్పిడి జరిగింది. ఆ 21 మందిలో 24 నెలల నాటికి వ్యాధి తిరగబెట్టిన వారు 9.5 శాతం మాత్రమే. అయితే 2018లో న్యూయార్కు నుండి వెలువడిన పెద్దవారి అధ్యయనంలో, కార్-టి తరువాత మార్పిడి చేయించుకొన్నవారికి, చేయించుకోనివారికి మధ్య జీవిత కాలంలో స్పష్టమైన తేడా కనిపించలేదు. వాడిన కార్-టి రకం, రోగి వయస్సు, వ్యాధి తీవ్రత, ఇంతకు ముందు మార్పిడి జరిగిందా లేదా అనే వాటిని బట్టి నిర్ణయం మారుతుంది. అందరికీ వర్తించే ఒకే సూత్రం లేదు.

మార్పిడి తరువాత కార్-టి

మార్పిడి తరువాత వ్యాధి తిరగబెడితే రోగి శరీరంలో తిరిగే టి-కణాలు నిజానికి దాతవే. వాటినే సేకరించి కార్-టిగా మార్చి తిరిగి ఎక్కించవచ్చును. ఇవి అప్పటికే రోగి శరీరానికి అలవాటుపడినవి కాబట్టి తీవ్రమైన జీవీహెచ్‌డీ కలిగించడం అరుదు. ఇది దాత లింఫోసైట్ల చికిత్సకు పదును పెట్టిన రూపం అనవచ్చును. సాధారణ లింఫోసైట్లకు లొంగని లింఫోబ్లాస్టిక్ ల్యుకేమియాలో కూడా దీని వలన గుణం కనిపించింది.

చైనాలో సీడీ7 ప్రయోగం

టి-కణాలకే వచ్చే కాన్సరులో చిక్కు మరింత ఎక్కువ. కాన్సరు కణం, చికిత్స చేసే కణం, ఆరోగ్యకరమైన టి-కణం మూడింటి పైనా సీడీ7 వంటి ఒకే గుర్తు ఉంటుంది. సీడీ7ను లక్ష్యంగా పెట్టుకొన్న కార్-టి తన తోటి కణాలనే చంపకుండా జన్యుమార్పు చేయాలి. అది విజయవంతమైనా రోగికి టి-కణాలు మిగలవు, మూలుగ కూడా అణగారిపోవచ్చు.

ఈ లోపాన్నే సదుపాయంగా మలచుకొన్న పద్ధతిని చైనాలోని ఝజియాంగ్ విశ్వవిద్యాలయానికి చెందిన హువాంగ్ హె బృందం 2024 ఏప్రిల్‌లో ప్రచురించింది. మామూలుగా కార్-టి తరువాత మార్పిడి చేయాలంటే మళ్ళీ తీవ్రమైన కీమోథెరపీ ఇవ్వాలి, జీవీహెచ్‌డీ రాకుండా నిరోధక శక్తిని అణచే మందులు వాడాలి. ఈ రెండూ కార్-టి కణాలను కూడా చంపుతాయి. ఈ బృందం ఆ రెండింటినీ వదిలివేసింది. కార్-టి వలన ఖాళీ అయిన మూలుగలోకి సగం జత కలిసిన దాత మూలకణాలను నేరుగా ఎక్కించింది.

ఇందులో పాల్గొన్నవారు పదిమంది. ఇతర చికిత్సలు పనిచేయని రోగులు వీరు. కార్-టి తరువాత పదిమందిలోనూ వ్యాధి తగ్గింది. మార్పిడి తరువాత ఎనిమిది మందిలో దాత రక్తం పూర్తిగా నాటుకుంది. ఒకరికి తన సొంత మూలుగే తిరిగి పనిచేయసాగింది. ఒకరు 13వ రోజున తీవ్ర ఇన్ఫెక్షన్‌తో మరణించారు. ముగ్గురికి రెండవ స్థాయి జీవీహెచ్‌డీ వచ్చింది. తరువాతి కాలంలో ఇద్దరికి సీడీ7 గుర్తు లేని ల్యుకేమియా తిరగబెట్టింది, మరొకరు ఇన్ఫెక్షన్‌తో మరణించారు. ఆరుగురు వ్యాధి జాడ లేకుండా ఉన్నారు. ఒక సంవత్సరం జీవించే అవకాశాన్ని 68 శాతంగా అంచనా వేశారు. రోగుల సంఖ్య చాలా తక్కువ కనుక దీనిని తుది నిర్ణయంగా కాక, ఒక కొత్త దారిగా మాత్రమే చూడాలి.

ఇతర నిరోధక కణాలు

వైరస్ నిరోధక టి-కణాలు: మార్పిడి తరువాత రోగి నిరోధక శక్తి నెలల తరబడి బలహీనంగా ఉంటుంది. ఆ సమయంలో శరీరంలో నిద్రాణంగా ఉన్న సైటోమెగాలో వైరస్, ఎప్‌స్టీన్-బార్ వైరస్ విజృంభిస్తాయి. ఎప్‌స్టీన్-బార్ వైరస్ వలన లింఫోమా కూడా రావచ్చును. ఆ వైరస్‌ను మాత్రమే గుర్తించే దాత టి-కణాలను పెంచి ఎక్కించే పద్ధతి 1990వ దశకం నుండి వాడుకలో ఉంది. ఇటువంటి కణాలతో తయారైన టాబెలెక్లూసెల్‌ను 2022 డిసెంబరులో ఐరోపా సమాఖ్య ఆమోదించింది.

సహజ హంతక కణాలు: వీటిని ఎన్‌కే కణాలు అంటారు. 2002లో ఇటలీలోని పెరూజా నగర వైద్యులు సగం జత కలిసిన దాతల ఎన్‌కే కణాలు మైలాయిడ్ ల్యుకేమియాను అణచగలవని, జీవీహెచ్‌డీని కలిగించవని చూపారు.

మీట గల టి-కణాలు: దాత టి-కణాలలో ముందుగా ఒక జన్యువును చొప్పించి, జీవీహెచ్‌డీ వస్తే ఒక మందు ఇవ్వగానే అవి చనిపోయేటట్లు చేసే పద్ధతి ఇది. 1997లో మిలాన్ నగర శాస్త్రవేత్తలు దీనిని రోగులలో ప్రయోగించారు.

ప్రమాదాలు

సంయుక్త చికిత్సలో రెండు చికిత్సల ప్రమాదాలూ ఉంటాయి.

జీవీహెచ్‌డీ: దీనిని నివారించడానికి సైక్లోస్పోరిన్, మెథోట్రెక్సేట్, టాక్రోలిమస్ వంటి మందులు వాడతారు. సగం జత కలిసిన మార్పిడిలో మూలకణాలు ఎక్కించిన మూడవ, నాలుగవ రోజులలో సైక్లోఫాస్ఫమైడ్ ఇచ్చే పద్ధతిని అమెరికాలోని జాన్స్ హాప్‌కిన్స్ వైద్యులు వృద్ధి చేశారు. దీర్ఘకాలిక జీవీహెచ్‌డీ వచ్చినవారికి కళ్ళు, నోరు ఎండిపోవడం, చర్మం బిగుసుకొనడం, ఆయాసం సంవత్సరాల తరబడి బాధించవచ్చు.

సైటోకైన్ తుఫాను: కార్-టి కణాలు ఒక్కసారిగా విజృంభించినపుడు తీవ్ర జ్వరం, రక్తపోటు పడిపోవడం, ఊపిరి అందకపోవడం కలుగుతాయి. దీనికి టోసిలిజుమాబ్ అనే మందు వాడతారు. కొందరికి మాట తడబడటం, అయోమయం, మూర్ఛ వంటి నాడీ సంబంధ లక్షణాలు కూడా రావచ్చును.

ఇన్ఫెక్షన్లు: సీడీ19 కార్-టి మంచి బి-కణాలను కూడా చంపడం వలన ప్రతిరక్షకాల ఉత్పత్తి తగ్గుతుంది. అవసరమైన వారికి వాటిని సిరల ద్వారా ఎక్కించవలసి వస్తుంది.

కొత్త కాన్సర్లు: కార్-టి పొందిన కొద్దిమందిలో టి-కణ కాన్సర్లు కనిపించడంతో 2024లో అమెరికా నియంత్రణ సంస్థ ఈ మందులపై హెచ్చరిక ముద్రించాలని ఆదేశించింది.

దాత ఎంపిక

తోబుట్టువులలో ఒక్కొక్కరితో హెచ్ఎల్ఏ పూర్తిగా జత కలిసే అవకాశం నాలుగింట ఒక వంతు. తల్లిదండ్రులు, సంతానం సాధారణంగా సగం జత కలుస్తారు. అందుచేత సగం జత మార్పిడి సాధ్యమైన తరువాత దాదాపు ప్రతి రోగికి ఇంటిలోనే దాత దొరికే అవకాశం ఏర్పడింది. మేనరికాలు ఎక్కువగా ఉన్న కుటుంబాలలో తోబుట్టువులు జత కలవకపోయినా, దగ్గరి బంధువులలో జత దొరికే అవకాశం ఇతరుల కంటే కొంత ఎక్కువ. బంధువులలో దొరకనివారి కొరకు స్వచ్ఛంద దాతల పట్టికలు ఉన్నాయి. భారతదేశంలో దాత్రి సంస్థ 2009 నుండి ఇటువంటి పట్టికను నిర్వహిస్తున్నది. దాతకు ఈ ప్రక్రియలో అవయవ నష్టం ఏమీ లేదు. ఇచ్చిన కణాలను శరీరం కొద్ది వారాలలో తిరిగి తయారు చేసుకుంటుంది.

భారతదేశంలో

భారతదేశంలో మొదటి విజయవంతమైన మూలుగ మార్పిడి 1983లో ముంబైలోని టాటా స్మారక ఆసుపత్రిలో డాక్టర్ సురేష్ అద్వానీ ఆధ్వర్యంలో జరిగింది. 1986లో వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో డాక్టర్ మామెన్ చాండీ ఈ విభాగాన్ని ప్రారంభించాడు. తరువాతి కాలంలో హైదరాబాదులోనూ మార్పిడి కేంద్రాలు ఏర్పడ్డాయి.

ఐఐటీ బొంబాయి, టాటా స్మారక కేంద్రం పరిశోధనల ఫలితంగా ఇమ్యునో-యాక్ట్ సంస్థ తయారు చేసిన నెక్స్‌కార్19 అనే సీడీ19 కార్-టి చికిత్సకు 2023 అక్టోబరులో కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ అనుమతి లభించింది. 2024 ఏప్రిల్ 4న రాష్ట్రపతి ద్రౌపది ముర్ము దీనిని జాతికి అంకితం చేశారు. టిసాజెన్‌లెక్లూసెల్ ధరను అమెరికాలో 2017లో 4,75,000 డాలర్లుగా ప్రకటించారు. నెక్స్‌కార్19 ధర అందులో పదవ వంతుకు దగ్గరగా ఉంది. అయినప్పటికీ ఆ మొత్తం సామాన్య కుటుంబానికి మోయలేని భారమే. దీనికి మూలకణ మార్పిడి ఖర్చు, నెలల తరబడి ఆసుపత్రికి దగ్గరగా అద్దె ఇంటిలో ఉండవలసిన ఖర్చు అదనం.

ఈ చికిత్సకు ఒక తెలుగు శాస్త్రవేత్త కృషితో సంబంధం ఉంది. జీవీహెచ్‌డీ నివారణకు నేటికీ వాడుతున్న మెథోట్రెక్సేట్, భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వంలో లెడర్లీ ప్రయోగశాలలో రూపొందిన ఫోలిక్ ఆమ్ల వ్యతిరేక మందుల కోవకు చెందినది. ఆ కోవలోని అమినోప్టెరిన్‌తో పిల్లల ల్యుకేమియా తాత్కాలికంగా తగ్గినట్లు 1948లో సిడ్నీ ఫార్బర్ ప్రకటించాడు. ల్యుకేమియాపై మందు పనిచేయగలదని చూపిన తొలి ఫలితాలలో ఇది ఒకటి.

తేలవలసిన విషయాలు

కార్-టి వలన వ్యాధి తగ్గిన రోగులలో ఎవరికి మార్పిడి తప్పనిసరి, ఎవరికి అనవసరం అన్నది ఇంకా పూర్తిగా తేలలేదు. అనవసరంగా చేస్తే తగ్గిన రోగిని మరల ప్రాణాపాయంలోకి నెట్టినట్లవుతుంది. అవసరమైన చోట మానివేస్తే వ్యాధి తిరగబెట్టి, రెండవ అవకాశం లేకుండా పోవచ్చు. రక్తంలోను, మూలుగలోను మిగిలిన వ్యాధి శేషాన్ని సూక్ష్మంగా కొలిచే పరీక్షలు, కార్-టి కణాలు ఎంతకాలం నిలిచాయో తెలిపే పరీక్షలు ఈ నిర్ణయానికి తోడ్పడుతున్నాయి. మైలాయిడ్ ల్యుకేమియాలో మంచి మూలకణాలకు లేని ప్రత్యేక గుర్తు దొరకకపోవడం వలన కార్-టి ఇంకా అంతగా విజయవంతం కాలేదు. ఆ వ్యాధిలో దాత మూలకణ మార్పిడికే నేటికీ ప్రాధాన్యం ఉంది.

ఇవి కూడా చూడండి

రక్త కాన్సరు
ఎముక మూలుగ
మూలకణం
రోగనిరోధక వ్యవస్థ
యల్లాప్రగడ సుబ్బారావు